'ది రెడ్ స్లీవ్': దొగిమ్ వద్దన్న మాట గురించి మాట్లాడుకుందాం

తులసికోట:
నిన్న రాత్రి ఒంటిగంటన్నరకు 'ది రెడ్ స్లీవ్' 17వ భాగం, అంటే చివరిది, చూడటం ముగించాను. పడుకున్నానే కానీ నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను. కథ చివరిదాకా చెబుతాను కాబట్టి ఇంకా చూడనివారు ఇక్కడే ఆగిపోవాలని మనవి.

2021 నవంబరు నుంచి 2022 జనవరి 1 వరకు కొరియాలో ఎంబీసీ ఛానల్‌లో వచ్చిన చారిత్రక డ్రామా ఇది. కథాకాలం 18వ శతాబ్దం, అప్పటి కొరియా అయిన జోసన్ రాజ్యం. తాత యొంగ్జో సింహాసనం మీద ఉంటాడు, మనవడు సాన్ యువరాజు. యొంగ్జో 1762లో కన్న కొడుకు సాదోను, అంటే సాన్ తండ్రిని, బియ్యం పెట్టెలో పెట్టి మూయించాడు. ఎనిమిది రోజులకు అందులోనే ప్రాణం పోయింది. అలా తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు పెద్దవాడై, అంతఃపురంలో పనిచేసే సొంగ్ దొగిమ్ అనే పరిచారికను ప్రేమిస్తాడు. 1776లో జొంగ్జో అనే పేరుతో రాజవుతాడు.

అందరూ దీన్ని గొప్ప ప్రేమకథ అంటున్నారు. నాకు మాత్రం తనకున్నది ఎంతో, దాని విలువ ఎంతో తెలిసిన ఒక ఆడపిల్ల కథగా కనిపించింది. దొగిమ్‌కు ఉన్నదెంత? తోటి పరిచారికలను కూర్చోబెట్టి నవలలు చదివి వినిపించే సాయంత్రాలు, పుస్తకాలకు నకలు రాసి కూడబెట్టుకున్న నాలుగు డబ్బులు, ముగ్గురు స్నేహితురాళ్లు, పని లేని రోజున తన ఇష్టానికి తిరిగే కాస్త సమయం. అంతే. రాజు ఇవ్వజూపేది చాలా పెద్దది. కానీ అది తీసుకోవాలంటే ఆమె తనకున్నదంతా వదులుకోవాలి. ఆ లెక్క ఆమెకు తెలుసు. అందుకే వద్దంటుంది. చివరికి రాజు భార్యల్లో ఒకతె అయ్యాక గదిలో కూర్చుని ఆయన వస్తాడా రాడా అని ఎదురుచూడటమే ఆమె పని అవుతుంది. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్న స్నేహితురాళ్లు ఆమె ముందు తల వంచుకుని నిలబడతారు.

చివరి భాగంలో ఒక దృశ్యం ఉంది. ఆమె పోయాక ఆమె వస్తువులు రాజు చేతికి వస్తాయి. అందులో పరిచారికగా ఉన్నప్పుడు తొడుక్కున్న దుస్తులు, ఎర్రంచు చేతులవి. ఆ బట్ట చేతుల్లోకి తీసుకుని చూసినప్పుడు, ఆమె ఎంత చిన్న మనిషో సాన్‌కు తెలిసివస్తుంది. అన్నేళ్లు పక్కన ఉన్నప్పుడు తెలియనిది ఖాళీ బట్ట చూశాక తెలుస్తుంది. అక్కడ నేను ఆపుకోలేకపోయాను.

ఇక మరణశయ్య మీద ఆమె అడిగే కోరిక. వచ్చే జన్మలో నేను కనిపించినా ఎరగనట్టు పక్కనుంచి దాటి వెళ్లిపొమ్మంటుంది. నా ఉద్దేశంలో డ్రామా మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది. మీరేమంటారు?

కృష్ణాతీరం:
తులసికోట గారూ, బాగా రాశారు కానీ ఆ చివరి మాటను మీరు తీసుకున్నంత అక్షరాలా నేను తీసుకోలేను. కడుపున పుట్టిన బిడ్డను పోగొట్టుకుని, ఇంకో బిడ్డను మోస్తూ చచ్చిపోతున్న మనిషి మాట అది. బాధ మాట్లాడించింది. ఆమెకు ఆయన మీద ప్రేమ లేదంటే నేను నమ్మను. నిజంగా ఇష్టం లేని మనిషైతే ఎలాగైనా దూరంగా ఉండే దారి వెతుక్కునేది. ఆమె కళ్లలో ప్రేమ ఉంది, ఆ నటి దాచి దాచి చూపించింది.

నాకున్న ఫిర్యాదు వేరు. పరిచారికలందరూ కలిసి రహస్య సంఘం పెట్టుకుని యువరాజునే పడగొట్టే కుట్ర చేయడం! ఆ భాగాలు నన్ను బాగా విసిగించాయి. అసలు కథే అంత బలంగా ఉంటే ఈ కత్తులూ కుట్రలూ ఎందుకు?

ప్రాచీనం:
ఆ రహస్య సంఘం పూర్తిగా కల్పితం, చరిత్రలో లేదు. కానీ దొగిమ్ వద్దనడం కల్పితం కాదు. అది స్వయంగా రాజు చేతిరాతలో ఉంది.

ఆమె 1786లో చనిపోయాక జొంగ్జోయే ఆమె సమాధికి స్మారక లేఖనం రాశాడు. రాజు ఒక ఉపపత్నికి స్వయంగా అంత వివరంగా రాయడం మామూలు విషయం కాదు. అందులో ఏముందంటే, మొదటిసారి అడిగినప్పుడు ఆమె ఏడ్చి, పట్టపురాణికి ఇంకా సంతానం కలగలేదు కాబట్టి తాను ఒప్పుకోలేనని చావుకు తెగించి ప్రమాణం చేసింది. ఆయన బలవంతపెట్టలేదు. ఇది 1766 నాటి మాట. పదిహేనేళ్ల తరువాత, రాజయ్యాక మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ వద్దంది. అప్పుడు ఆమె దగ్గర పనిచేసే సేవకురాలిని దండించాడు. ఆ తరువాతే ఆమె ఒప్పుకుంది. ఇదంతా ఆయనే రాసుకున్నాడు.

ఎంబీసీలోనే 2007లో 'యీ సాన్' అని 77 భాగాల డ్రామా వచ్చింది. ఇదే రాజు, ఇదే స్త్రీ. కానీ అందులో ఆమెకు సొంగ్‌యొన్ అని పేరు పెట్టి, చిత్రకారుల కార్యాలయంలో పనిచేసే అమ్మాయిగా మార్చి, చిన్ననాటి నుంచే ఆయన్ను ప్రేమించినట్టు చూపించారు. నేను అది కూడా చూశాను, బాగుంటుంది. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పద్నాలుగేళ్లలో కొరియా ఆమెను చూసే చూపు ఎంత మారిందో తెలుస్తుంది.

నీలాంబరి:
ప్రాచీనం గారూ, సేవకురాలిని దండించాడన్న సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. ఇది చదివాక కృష్ణాతీరం గారి మాటకు నా జవాబు మరింత గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

దూరంగా ఉండే దారి వెతుక్కునేది అంటున్నారు. ఏ దారి, బాబాయిగారూ? చిన్నపిల్లగా ఉన్నప్పుడే అంతఃపురంలోకి తీసుకువస్తారు. పెళ్లి ఉండదు. రాజు కన్నెత్తి చూసినా చూడకపోయినా రాజు మనిషే. ఆ చేతుల ఎర్రంచుకు అర్థమే అది. మీదపడి చెయ్యి పట్టుకుని లాగకపోయినంత మాత్రాన అది ఆమె ఇష్టం అయిపోతుందా? తన వల్ల ఇంకొకరు దెబ్బలు తింటుంటే ఎవరైనా ఏమంటారు? సరే అంటారు. ఆ సరేను నేను ఒప్పుకోలు అనలేను.

మరి మనం ఎందుకు ఆయన కోసం ఏడుస్తున్నాం? నటుడు లీ జున్హో అందంగా ఏడ్చాడు కాబట్టా? నేనూ ఏడ్చాను, అది వేరే సంగతి. కానీ ఏడ్చాక నామీద నాకే కోపం వచ్చింది.

తులసికోట:
నీలాంబరీ, నీ కోపం న్యాయమైనదే. కానీ నా మటుకు డ్రామా నీ పక్షానే ఉందమ్మా. ఒక్క సంగతి గమనించు. కన్నుమూసే ముందు దొగిమ్ ఎవరిని పిలవమంటుంది? స్నేహితురాళ్లను. ఎదురుగా రాజు కూర్చుని ఉంటే ఆమె వాళ్లను అడుగుతుంది. అది విన్నప్పుడు సాన్ ముఖం మారిపోవడం చూశావా? దర్శకురాలు జొంగ్ జీఇన్ ఆయన్ను అక్కడ కాపాడే ప్రయత్నం చేయలేదు. సంగీతం పెంచి మనల్ని ఆయన వైపు లాగలేదు. అడిగింది, ఆయన విన్నాడు.

ప్రేమ ఉందా లేదా అని కృష్ణాతీరం గారూ నువ్వూ వాదించుకుంటున్నారు. ఉండొచ్చు. ప్రేమ ఉన్నా వద్దనే హక్కు ఆమెకు ఉందని ఒప్పుకోవడమే నాకు ఇందులో నచ్చింది. మన ఇళ్లలో కూడా, అబ్బాయి మంచివాడు, నువ్వంటే ప్రాణం పెడతాడు, ఇంకేం కావాలి అని అమ్మాయిని అడుగుతారు. ఆ ప్రశ్న దొగిమ్‌ను కూడా అందరూ అడుగుతారు. ఇంకేం కావాలో ఆమెకు తెలుసు. వినేవాళ్లు లేరు.

సువొన్ వాసి:
నమస్కారం. ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా దక్షిణ కొరియాలోని సువొన్‌లో ఉంటున్నాను. ఈ ఊరు జొంగ్జో కట్టించిన ఊరే. తండ్రి సమాధిని ఈ దగ్గరలోకి మార్పించి, 1794 నుంచి 1796 వరకు హ్వాసొంగ్ కోట కట్టించాడు. గోడ చుట్టుకొలత 5 కిలోమీటర్ల పైనే. ఆదివారం పొద్దున్నే దాని వెంట నడవడం నాకు అలవాటు. ఆ కోట కట్టడం గురించి అచ్చువేయించిన గ్రంథంలో ఏ రాయి ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పనివాడికి ఎంత కూలి ఇచ్చారు అన్నది పేర్లతో సహా ఉంది. రాళ్లు కొట్టేవారి పేర్లు కూడా చరిత్రలో మిగలాలనుకున్న రాజు ఆయన. నీలాంబరి గారి మాట చదివాక నిన్న ఆ గోడ పక్కన నడుస్తుంటే ఆ రాజూ ఈ రాజూ ఒకరేనన్న సంగతి మనసులో మెదులుతూనే ఉంది.

ఇంకో విషయం. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో చూసినవారికి ఆ చివరి కోరికలో సగం అందదు. కొరియన్‌లో ఆమె అనే మాట, వస్త్రం అంచు మాత్రం తగిలేలా దాటి వెళ్లిపొమ్మని. కొరియన్లకు ఒక సామెత ఉంది. దారిన పోతూ బట్ట అంచు తగిలినా అది ఇన్యొనే అని. ఇన్యొన్ అంటే బౌద్ధం నుంచి వచ్చిన మాట. నేను మా అమ్మకు వివరించబోతే, పూర్తిగా వినకుండానే 'ఋణానుబంధం అను' అంది. అంతకంటే సరైన తెలుగు మాట నాకు దొరకలేదు.

ఇప్పుడు ఆ కోరికను మళ్లీ చదవండి. నన్ను పూర్తిగా మరిచిపొమ్మని ఆమె అనడం లేదు. బట్ట అంచు తగలనివ్వమంటోంది. అంటే రవ్వంత ఋణం మిగలనిస్తోంది. కానీ అంతకు మించి వద్దంటోంది. కృష్ణాతీరం గారు చెప్పిన ప్రేమా, నీలాంబరి గారు చెప్పిన నిరాకరణా రెండూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి.

కృష్ణాతీరం:
బాబూ, ఇది నాకు తెలియదు. చాలా సంతోషం. సబ్‌టైటిల్‌లో పక్కనుంచి వెళ్లిపొమ్మన్నట్టుగానే అర్థమైంది నాకు.

అక్షరమాల:
ఇన్ని మాటలు నడిచాయి కానీ దొగిమ్ చేసే అసలు పని గురించి ఎవరూ అడగలేదు. నకలు రాయడం. డ్రామాలో ఆమె దీపం ముందు కూర్చుని వరసగా రాస్తూ ఉంటే నేను కథ వదిలేసి ఆమె కుంచె పట్టే తీరు చూస్తూ కూర్చున్నాను.

అది కూడా చరిత్రే. 1773లో సాన్ చెల్లెళ్లు ఇద్దరు, చొంగ్యొన్, చొంగ్సొన్, వాళ్లతో పాటు అంతఃపుర పరిచారికలు కలిసి 'క్వాక్ జాంగ్ యాంగ్‌మున్‌రోక్' అనే పెద్ద నవలను కొరియన్ లిపిలో చేత్తో నకలు రాశారు. పది సంపుటాలు. రాసిన వారిలో దొగిమ్ ఒకరు. ఆ సంపుటాలు ఇప్పటికీ ఉన్నాయి. అంతఃపుర స్త్రీల చేతుల్లోనే రూపు దిద్దుకున్న ఆ రాతశైలిని 'గుంగ్‌చే' అంటారు. పండితులు చైనా అక్షరాలతో గ్రంథాలు రాసుకుంటుంటే, ఆడవాళ్లు తమ లిపిని తామే ఇంత సొంపుగా తీర్చుకున్నారు.

ఇప్పుడు దీని పక్కన ఇంకొకటి పెట్టి చూడండి. జొంగ్జోకు నవలలంటే గిట్టదు. 1792లో రాతల్లో నవలల వాసన తగలకూడదని, పాత గద్యశైలికి తిరిగి రావాలని కొలువులో పట్టుపట్టాడు. చైనా నుంచి నవలలు రాకుండా ఆపించాడు. నవలల శైలి అంటుకున్న అధికారుల చేత క్షమాపణ పత్రాలు రాయించాడు. డ్రామాలో యువరాజు దొగిమ్ చేత పదేపదే తప్పొప్పుకోలు పత్రాలు రాయించే సన్నివేశాలు ఉన్నాయి కదా, అవి చూసినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. తాను జీవితమంతా తలుచుకున్న స్త్రీ చేతులు అత్యంత ప్రేమగా చేసిన పని ఆయనకు నచ్చని పని. ఆమె పోయి అప్పటికి ఆరేళ్లు. ఆ ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ఆమె రాసిన పుటలు ఒక్కసారైనా తలపుకు వచ్చాయా ఆయనకు? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

మా నానమ్మ దగ్గర ఒక బౌండు పుస్తకం ఉండేది. మంగళహారతులు, పెళ్లి పాటలు, అప్పగింతల పాటలు, ఎవరి నోట విన్నా వంటింటి గడప మీద కూర్చుని అందులో ఎక్కించేది. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ముత్యాల్లాంటి అక్షరాలు. పసుపు చేత్తో పుటలు తిప్పడం వల్ల ప్రతి పుట కింది మూల పచ్చగా ఉండేది. ఆ పాటల్లో ఒక్కటీ ఆమె కట్టింది కాదు. కానీ ఆ పుస్తకం ఆమెదే. దొగిమ్ నకలు రాసేటప్పుడు నాకు ఆ పచ్చటి మూలలు కనిపించాయి.

ప్రాచీనం:
అక్షరమాల గారూ, ఈ కోణం నేను ఇంతవరకు ఆలోచించలేదు.

జొంగ్జో గురించి ఒక మాట కలుపుతాను. ఆయన ఒక మంత్రికి రహస్యంగా రాసిన ఉత్తరాలు దాదాపు మూడు వందలు 2009లో వెలుగులోకి వచ్చాయి. అంతవరకు అందరూ ఆయన్ను గంభీరమైన పండిత రాజుగానే అనుకున్నారు. ఆ ఉత్తరాల్లో తిట్లున్నాయి, కోపం ఉంది, మనుషులను పావుల్లా నడిపే చాతుర్యం ఉంది. చైనా అక్షరాల మధ్యలో ఒకచోట తగిన మాట దొరకక కొరియన్ లిపిలో 'గందరగోళం' అని అర్థం వచ్చే వాడుక మాట రాసేశాడు. డ్రామాలో సాన్ ఒకసారి మృదువుగా, మరుక్షణం నిప్పులా ఉంటాడని కొందరు విమర్శించారు. ఆ ఉత్తరాల మనిషి అలాంటివాడే. ఆ పాత్ర రాసినవారు సరిగానే పట్టుకున్నారు.

కల్పన విషయంలో కృష్ణాతీరం గారితో ఏకీభవిస్తాను కానీ ఒక షరతుతో. కొరియన్ ప్రేక్షకులు ఈ విషయంలో చాలా కఠినంగా ఉంటారు. 2021 మార్చిలో 'జోసన్ ఎక్సార్సిస్ట్' అనే డ్రామాను చరిత్రను వక్రీకరించిందన్న ఆగ్రహంతో రెండు భాగాలకే ఆపేయాల్సి వచ్చింది. అదే ఏడాది చివర వచ్చిన ఈ డ్రామాను మాత్రం ఆదరించారు. కల్పించిన సంఘటనలు ఉన్నా, మనుషుల తీరును, అంతఃపురపు కట్టుబాట్లను చెడగొట్టలేదు కాబట్టే అనుకుంటున్నాను.

ఆ దేశంలో రాజుల దినచర్య రాసే చరిత్రకారులకు ఉన్న స్వేచ్ఛ కూడా గుర్తుంచుకోవాలి. 1404లో తేజొంగ్ రాజు వేటలో గుర్రం మీద నుంచి పడ్డాడు. లేచి మొదట అన్నమాట, చరిత్రకారుడికి తెలియనివ్వకండి అని. ఆ మాటతో సహా రాసేశారు. అలాంటి రికార్డులున్న దేశంలో చారిత్రక డ్రామా తీయడం మన ఊహకు అందినంత తేలిక కాదు.

కృష్ణాతీరం:
మీరందరూ యువరాజు, దొగిమ్ గురించే రాస్తున్నారు. నన్ను పట్టి ఉంచింది ముసలి రాజు. యొంగ్జోగా వేసిన లీ దొఖ్వా గారి నటన. కన్నకొడుకును చంపుకున్న మనిషి. తల్లి అంతఃపురంలో పనిమనిషి స్థాయి నుంచి వచ్చిందన్న మాట ఎవరైనా ఎత్తితే జీవితాంతం ఒళ్లు మండిన మనిషి. 52 ఏళ్లు ఏలి, చివరికి జ్ఞాపకం జారిపోతూ ఎదురుగా ఉన్నది ఎవరో తెలియని స్థితికి వస్తాడు. మా నాన్నగారి ఆఖరి రెండేళ్లు అలాగే గడిచాయి. నన్ను చూసి 'మా అబ్బాయి వచ్చాడా' అని నన్నే అడిగేవారు. ఆ సన్నివేశాలు నేను ఆపి ఆపి చూడాల్సి వచ్చింది.

నీలాంబరీ, నువ్వన్నది రెండు రోజులు ఆలోచించాను తల్లీ. వేరే దారి వెతుక్కునేది అన్న నా మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. ప్రేమ ఉందన్న మాట మాత్రం తీసుకోను.

నీలాంబరి:
అది మీ దగ్గరే ఉంచుకోండి బాబాయిగారూ, నాకేమీ అభ్యంతరం లేదు.

సువొన్ వాసి గారు, అక్షరమాల గారు రాసినవి చదివాక నాకు ఒకటి తట్టింది. ఆమె ఏడ్చిందనీ, ప్రమాణం చేసిందనీ, చివరికి ఒప్పుకుందనీ మనకు తెలిసినదంతా రాజు రాసిందే. తన గురించి ఆమె రాసుకున్నది ఏదీ మన ముందు లేదు. డ్రామా వాళ్లు ఆ మౌనాన్ని పూరించడానికే ఆమె నోట అన్ని మాటలు పెట్టారు. నిజంగా ఆమెవి అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ నవల నకలు ఒక్కటే. మాటలు ఎవరివో, అక్షరాలు ఆమెవి. ఆ పుటలు ఎలా ఉంటాయో చూడాలని ఉంది.

సువొన్ వాసి:
నీలాంబరి గారూ, ఫోటోలు దొరుకుతాయేమో వెతుకుతాను. కొరియన్ అచ్చు నేను బాగానే చదవగలను కానీ అంతఃపుర స్త్రీల గొలుసుకట్టు రాత నాకు అంత సులువుగా కొరుకుడు పడదు. నాకు భాష నేర్పిన పెద్దావిడకు చూపించి చదివించుకోవాలి.

మొన్న శనివారం సియోల్ వెళ్లినప్పుడు హ్యోచాంగ్ పార్కుకు వెళ్లాను. దొగిమ్ కొడుకు మున్హ్యో యువరాజు నాలుగేళ్లు నిండకుండానే 1786లో తట్టు సోకి పోయాడు. అక్కడ సమాధి చేశారు. కొన్ని నెలలకే ఆమె పోతే ఆమెనూ ఆ దగ్గరలోనే ఉంచాడు జొంగ్జో. ఆ చోటికి హ్యోచాంగ్ అన్న పేరు ఆ బిడ్డ సమాధి వల్లే వచ్చింది. జపాన్ పాలన చివర్లో, 1944లో, రెండు సమాధులనూ తవ్వి నగరం బయట సొసామ్నుంగ్ అనే రాజసమాధుల చోటికి తరలించారు. అక్కడ తల్లీబిడ్డలను ఒకచోట ఉంచలేదు. ఇప్పుడు ఈ పార్కులో స్వాతంత్ర్య యోధుల సమాధులు ఉన్నాయి. చెట్ల కింద ముసలివాళ్లు చదరంగం ఆడుకుంటున్నారు, ఒక పిల్లవాడు బంతి వెనక పరుగెత్తుతున్నాడు. కాసేపు బెంచీ మీద కూర్చుని వచ్చేశాను.

అక్షరమాల:
ఫోటోలు దొరికితే ఇక్కడే పెట్టండి, సువొన్ వాసి గారూ. కింది మూలలు ఎలా ఉన్నాయో నేను చూడాలి.